అమ్మాయి సంబంధం మాట్లాడేటప్పుడు తల్లి బైపోలార్ సంగతి చెప్పాలా, వద్దా?

గోదావరి గట్టు:
నాకు 51 ఏళ్లు. నలభై దాటాక బైపోలార్ బయటపడింది, అంటే మనసు కొన్నాళ్లు పట్టలేని హుషారులోకి, కొన్నాళ్లు లోతైన దిగులులోకి పోయే జబ్బు. రెండుసార్లు ఆస్పత్రిలో ఉన్నాను. దానికి వాడే లిథియం మాత్రలు మొదలుపెట్టాక ఏళ్ల తరబడి నిలకడగా ఉన్నాను, బడిలో లెక్కలు చెబుతున్నాను. ఇప్పుడు మా అమ్మాయికి సంబంధం కుదిరేలా ఉంది. మా అన్నయ్య, ఆడపడుచు "తాంబూలాలు అయ్యేదాకా నోరు విప్పకు" అంటున్నారు. మా ఆయన ముందే చెప్పేద్దామంటారు. మీరేమంటారు?

అనకాపల్లి అక్క:
చెప్పకండి. అబ్బాయి తండ్రికి షుగరో గుండెజబ్బో ఉంటే వాళ్లు మీకు చెబుతారా? మానసిక జబ్బు, దాని చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మీకుందని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ చెబుతోంది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో మోసం అన్నది కూడా పెళ్లి చేసుకునేవాళ్లకు సంబంధించిన విషయం దాస్తేనే, పెళ్లికూతురి తల్లి సంగతి కాదు. ఒకసారి నోరు జారితే వెనక్కి తీసుకోలేం. ఈ సంబంధం తప్పితే తర్వాతి సంబంధం వాళ్ల చెవిన కూడా పడుతుంది. నష్టపోయేది మీ అమ్మాయి.

హనుమకొండ పెద్దాయన:
నేను మగపెళ్లివారి దిక్కు నుంచి చెప్తున్న. మా వియ్యంకుడికి స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు ఉందని పెండ్లయినంక తెలిసింది. జబ్బుకు కాదు, దాచినందుకు నొచ్చుకున్నం. ఒకనాడు రాత్రి ఆయన మా ఇంట్లనే ఉన్నప్పుడు నిద్ర లేక, ఎవరో పిలుస్తున్నరని తలుపు తీసుకొని పోబోయిండు. ఏ మందులు వాడుతున్నడో, ఏ డాక్టరో మాకు తెల్వదు. మానసిక సమస్యలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ 14416కు చేస్తే తెలుగులనే మాట్లాడి ఏం చేయాల్నో చెప్పిన్రు. ముందే తెలిసి ఉంటే మేం అంత బెదిరిపోకపోదుం.

చీరాల తమ్ముడు:
ఇద్దరూ హక్కుల గురించి మాట్లాడారు. నేను ఆ పెళ్లి మూడు రోజుల గురించి మాట్లాడతాను. మా అక్కకూ ఇదే జబ్బు. మేనకోడలి పెళ్లిలో నేను పక్కనే ఉన్నాను. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి. అంతకుముందు రెండు రాత్రులూ అక్కకు కునుకు లేదు. బైపోలార్ మనిషికి మేనియా, అంటే ఆ పట్టలేని హుషారు, తిరగబెట్టడానికి నిద్ర చెడితే చాలు. పైగా మే నెల ఎండ, పట్టుచీర, హోమం సెగ, కన్యాదానం అయ్యేదాకా ఉపవాసం. రక్తంలో లిథియం మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, ఒంట్లో నీరు తగ్గితే పైకి పోతుంది. మోకాళ్ల నొప్పికి ఎవరో ఇచ్చే డైక్లోఫెనాక్ బిళ్ల దాన్ని ఇంకా పెంచుతుంది. చేతులు వణకడం, వాంతులు, తూలడం అప్పుడే మొదలవుతాయి.

మాత్రలు ఎవరి కంటా పడకూడదని అక్క వాటిని పసుపు కుంకాల సంచిలో, గాజుల పెట్టె కింద పెట్టుకుంది. సారె సర్దేవాళ్లు ఆ సంచి కూడా కారెక్కించేశారు. "నా మందులు అందులో ఉన్నాయి, కారాపండి" అని అంతమందిలో అరవలేకపోయింది. మందు తప్పింది, నిద్ర ఎలాగూ లేదు. వారం తిరక్కుండా ఆస్పత్రిలో చేర్చాం. అల్లుడివాళ్లు అక్క జబ్బు గురించి తెలుసుకున్నది ఆ స్థితిలో. హాయిగా ఉన్న రోజుల్లో తనే కూర్చుని చెప్పుకునే అవకాశం దానికి లేకుండా చేసింది మేమందరం పెట్టిన ఆ గుట్టే. అందుకే చెప్పమంటాను. వాళ్ల కోసం కాదు, మీ కోసం.

అనకాపల్లి అక్క:
మీ అక్కగారి సంగతి చదివి బాధేసింది తమ్ముడూ. కానీ పగటి ముహూర్తం పెట్టించడానికి జబ్బు పేరు చెప్పక్కర్లేదు, పంతులుగారిని అడిగితే చాలు. ఉపవాసం వద్దని డాక్టరు చెప్పాడంటే ఎవరూ కాదనరు. మందులు మొగుడి జేబులో ఉంటాయి. అయినా ఇంతమందిమి వాదిస్తున్నాం, అమ్మాయి ఏమంటోందో ఎవరం అడగలేదు.

చీరాల తమ్ముడు:
పెళ్లి అలా గడిచిపోవచ్చు, ఒప్పుకుంటాను. మరి పురుడు? తల్లికి బైపోలార్ ఉంటే, కూతురికి కాన్పు తర్వాత ఆ జబ్బు తలెత్తే ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ. బాలింత రాత్రిళ్లు నిద్రపోకుండా ఏదేదో మాట్లాడుతుంటే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తారా, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళతారా అన్నది ఆ ఇంట్లో వాళ్లకు ముందే తెలిసి ఉండటం మీద ఉంటుంది. కనీసం అబ్బాయికైనా తెలియాలి.

గోదావరి గట్టు:
అమ్మాయిని అడిగాను. "అబ్బాయితో నేనే మాట్లాడతానమ్మా, నువ్వు కంగారుపడకు" అంది, నిన్న మాట్లాడింది కూడా. తనకూ వస్తుందా అని అడిగాడట. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో నూటికి అయిదు నుంచి పది మందికి రావచ్చని మా డాక్టరుగారు చెప్పిన మాటే చెప్పింది. ఆలోచించుకోవడానికి టైమ్ అడిగాడు. అడగనివ్వండి, అది అతని జీవితం కూడా. వాళ్ల పెద్దవాళ్లకు చెప్పడం మీద మా అన్నయ్య ఇంకా ససేమిరా అంటున్నాడు. ఈ సంబంధమైనా, ఇంకొకటైనా, ముహూర్తం పగటిపూటే. నా మందుల డబ్బా నా చేతిసంచిలోనే ఉంటుంది.