డన్స్ నంబర్ కోసం ఏజెంట్‌కి డబ్బులివ్వాలా?

బెజవాడ_కోడర్:
నేనూ మా ఫ్రెండూ కలిసి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాం, ఇప్పుడు యాప్ స్టోర్‌లో, ప్లే స్టోర్‌లో కంపెనీ పేరు మీదే అకౌంట్ తెరుద్దామంటే రెండు చోట్లా డన్స్ నంబర్ అడుగుతున్నారు. జీఎస్టీ నంబర్ సరిపోదా? ఒక ఏజెంట్ డబ్బులిస్తే తెప్పిస్తానంటున్నాడు.

రాత్రి_డ్యూటీ:
పైసా ఇవ్వకు బ్రో. అది డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే బిజినెస్ డేటా కంపెనీ ఇచ్చే 9 అంకెల నంబర్, ఫ్రీ. జీఎస్టీకీ దానికీ సంబంధం లేదు. ముందు ఆపిల్ డెవలపర్ సైట్‌లో మీ కంపెనీ పేరు కొట్టి వెతుకు, ఒక్కోసారి మనం అడక్కుండానే నంబర్ ఇచ్చేసి ఉంటారు. లేకపోతే అక్కడే అప్లై చెయ్యి, నంబర్ రావడానికి 5 పనిదినాల దాకా, అది ఆపిల్ సిస్టంలో ఎక్కడానికి ఇంకో 2 పనిదినాలు పట్టొచ్చు.

కాకినాడ_కాజా:
అసలు తంటా పేరు దగ్గరే. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి, బ్రాండ్ పేరు పెడితే ఆపిల్ ఒప్పుకోదు. ఆఫీసు మారితే డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ దగ్గర అడ్రస్ కూడా ముందే సరిచేయించుకోండి.

సింగిల్_ఓనర్:
నాది ప్రొప్రైటర్‌షిప్ అండి, నా సంగతేంటి?

కాకినాడ_కాజా:
ఆపిల్‌లో అయితే ఇండివిడ్యువల్‌గానే చేరాలండి, డన్స్ అక్కర్లేదు, కాకపోతే స్టోర్‌లో మీ సొంత పేరే కనిపిస్తుంది. ఫీజు ఏడాదికి 99 డాలర్లు. గూగుల్‌కి ఒకేసారి 25 డాలర్లు కానీ, కొత్త పర్సనల్ అకౌంట్ అయితే యాప్ రిలీజ్ చేసే ముందు 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు టెస్టింగ్ చేయించాలి, చుట్టాలందరికీ ఫోన్లు చేసుకోవాల్సిందే.