ఆర్థర్ ఆష్ ‘డేస్ ఆఫ్ గ్రేస్’: చర్చలో ఏ భాగాలు చదివించాలి?

పఠనమిత్ర:
వచ్చే నెల మా పఠన బృందంలో అమెరికా నల్లజాతి టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ ఆష్ ఆత్మకథ ‘డేస్ ఆఫ్ గ్రేస్’ పెట్టుకున్నాం. చాలామందికి ఆష్ వాట్సాప్ కథ ద్వారానే తెలుసు: ఐదు కోట్ల మంది పిల్లలు టెన్నిస్ మొదలుపెడితే చివరికి ఇద్దరు ఫైనల్ దాకా వస్తారు, కప్పు పట్టుకున్నప్పుడు ‘నాకే ఎందుకు’ అని దేవుణ్ణి అడగలేదు, ఇప్పుడెందుకు అడుగుతాను అని. ఇది పుస్తకంలో ఉందా? ఆయనకు ఎయిడ్స్ ఎలా సోకిందో కూడా తలా ఒకలా చెబుతున్నారు. చర్చకు గంటన్నర టైముంది.

ల్యాబ్‌టెక్_ఖమ్మం:
జబ్బు సంగతి చెబుతాను. రెండు ఆపరేషన్లను కలిపేయడం వల్లే ఈ గందరగోళం. 1979 జులైలో 36 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, డిసెంబరులో బైపాస్ చేశారు. 1983 జూన్‌లో రెండో బైపాస్. ఆ రెండోసారి ఎక్కించిన రక్తంతోనే హెచ్ఐవీ సోకిందని ఆయనా, డాక్టర్లూ తేల్చుకున్నారు. దాతల రక్తాన్ని పరీక్షించే కిట్‌కు అమెరికాలో అనుమతి వచ్చిందే 1985 మార్చిలో. అంటే అప్పటికి ఆ రక్తాన్ని పట్టుకునే దారే లేదు. మన దేశంలో ఈ పరీక్ష 1989లో తప్పనిసరి అయింది.

బయటపడింది 1988లో, కుడిచెయ్యి పడిపోయినప్పుడు. మెదడుకు ఆపరేషన్ చేస్తే టాక్సోప్లాస్మోసిస్ అని, అంటే ఒక పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బని తేలింది. ఆ పరాన్నజీవి ఆరోగ్యవంతుల ఒంట్లో ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది. రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు బాగా, సాధారణంగా వంద లోపుకు, పడిపోయాకే మెదడు మీద పడుతుంది. అందుకే అది కనబడగానే ఎయిడ్స్ అని అర్థమైపోయింది.

బేస్‌లైన్:
ఆ కోట్ల లెక్క పుస్తకంలో లేదండి. ఆలోచన మాత్రం ఆయనదే. జబ్బు చూసి ‘నాకే ఎందుకు’ అంటే, 1975లో వింబుల్డన్ గెలిచిన మర్నాడు పొద్దున కూడా అదే అడగాలి కదా అంటాడు. ఫార్వర్డ్ బదులు ఆ పేజీ చదివించండి.

నాకు అభ్యంతరం వేరే. ఆ ఫార్వర్డ్‌లో ఆష్ అన్నీ మౌనంగా భరించే సాధువైపోతాడు. పుస్తకంలో ఉన్నది వాదించే మనిషి. ఎయిడ్సే మీకు అన్నిటికన్నా పెద్ద భారమా అని ఒక విలేఖరి అడిగితే, కాదు, నల్లవాడిగా బతకడమే అంతకన్నా భారం అన్నాడు. హైతీ శరణార్థులను వెనక్కి పంపుతున్నారని 1992 సెప్టెంబరులో వైట్‌హౌస్ ముందు నిరసనకు దిగి అరెస్టయ్యాడు. అప్పటికే ఒళ్లు సహకరించడం లేదు, ఆ వెంటనే మళ్లీ గుండెపోటు వచ్చింది. ‘ద బర్డెన్ ఆఫ్ రేస్’ అధ్యాయం వదిలేస్తే ఈ మనిషి అర్థం కాడు.

గ్రంథాలయ_మిత్రుడు:
అయితే మూడు భాగాలు చాలు: మొదటి అధ్యాయం, బేస్‌లైన్ గారు చెప్పిన అధ్యాయం, చివర కెమెరా అనే తన కూతురికి రాసిన ఉత్తరం. అరగంటకు పైగా మొదటిదానికే ఇవ్వండి. 1988 నుంచి దాచుకున్న సంగతి, ‘యూఎస్ఏ టుడే’ పత్రిక ఆరా తీయడంతో 1992 ఏప్రిల్ 8న తనే విలేఖరులను పిలిచి బయటపెట్టాల్సి వచ్చింది. ఆ విలేఖరుల సమావేశంలో కూతురి ప్రస్తావన వచ్చేసరికి గొంతు పెగల్లేదు, ఆ భాగం భార్య జీన్ చదివింది. రిటైరైన ఆటగాడి జబ్బు గురించి జనం తెలుసుకోవాలా? అక్కడ వాదన పెట్టండి. మన 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం అనుమతి లేకుండా ఎవరి స్థితినీ బయటపెట్టకూడదంటుంది. మినహాయింపులున్నాయి, ఆ సెక్షన్ కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి.

ఒక్క జాగ్రత్త. ‘పాపం, రక్తం వల్ల వచ్చింది కదా’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అక్కడే ఆపండి. ఆ మాట వెనకే ‘మిగతావాళ్లది స్వయంకృతం’ అన్నది వచ్చేస్తుంది. ఆ గదిలోనే బయటకు చెప్పుకోని మనిషి కూర్చుని ఉండొచ్చు.

పఠనమిత్ర:
చాలా థ్యాంక్సండి. ఆ ఉత్తరం పైకి చదివించవచ్చా?

గ్రంథాలయ_మిత్రుడు:
మొత్తం వద్దు, పొడుగు. కుటుంబం, జాతి, డబ్బు, విశ్వాసం అన్నీ ఉన్నాయి అందులో. 1993 జనవరిలో రాశాడు, ఫిబ్రవరి 6న పోయాడు. పాపకు అప్పుడు ఆరేళ్లు. ఈ తేదీలు ముందే చెప్పి, ఆరంభం, ముగింపు మాత్రం చదివించండి. మిగతాది ఇంట్లో చదువుకు రమ్మనండి.