డాన్స్, ఫిజియోథెరపీ, రోబోటిక్స్ ఒకే బిల్డింగ్‌లో ఎలా పెట్టాలి?

ప్రశ్న: బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చివరి ఏడాది థీసిస్‌కి ఆర్ట్స్, హెల్త్ సైన్సెస్, టెక్నాలజీ మూడూ ఉండే యూనివర్సిటీ బిల్డింగ్ తీసుకున్నానండి. అంతస్తుకో డిపార్ట్‌మెంట్ ఇస్తే ఎవరి లోకం వాళ్లదే అయిపోతోంది, కలిపితే కూచిపూడి క్లాసు అదురు కింద మైక్రోస్కోపుకి తగులుతుందని టెన్షన్. ఏం చేయాలి?

జవాబు 1: అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో క్లార్క్ సెంటర్ ప్లాన్ చూడండి, వేర్వేరు డిపార్ట్‌మెంట్ల వాళ్లు కలిసి రీసెర్చ్ చేసే బిల్డింగ్ అది. 2003లో తెరిచారు, బ్రిటిష్ ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ సంస్థ డిజైన్. లోపలి కారిడార్లకి బదులు బయటి బాల్కనీల్లోంచి నడుస్తారు, ల్యాబు బల్లలకి చక్రాలుంటాయి, కరెంటు లాంటివన్నీ పైకప్పు నుంచే దిగుతాయి కాబట్టి టీము మారితే బల్ల తోసుకుపోవడమే.

జవాబు 2: మైక్రోస్కోపులు గ్రౌండ్ ఫ్లోర్‌లో, నేలమీదే పోసిన స్లాబ్‌పై పెట్టు తమ్ముడూ. డాన్స్ హాలు వేరే బ్లాకులో, అదురు దాటకుండా రెండు బ్లాకుల మధ్య జాయింట్ (సన్నటి ఖాళీ) వదిలి. చెక్క ఫ్లోర్ కింద రబ్బరు ప్యాడ్లు వేస్తే మోకాళ్లకీ మంచిది. ఇంకోటి, పేషెంట్ల ర్యాంపు 1:12 (ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు) కన్నా నిటారుగా వద్దు. మా అమ్మని ఫిజియోకి తీసుకెళ్తే ఒకచోట ర్యాంపు సగంలో ఆగిపోయి, వీల్‌చైర్ వెనక్కి జారుతుందేమోనని రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, ర్యాంపు ఈ రాత్రే మళ్లీ గీస్తాను.