కార్తీక వనభోజనాలు + ఒక రాత్రి క్యాంపింగ్ (ఆస్టిన్, నవంబర్ 14-15): సైటు ఎక్కడ, ఎవరు ఏం చూసుకుంటారు

అందరికీ నమస్కారం అండి. ఈసారి వనభోజనాలు మధ్యాహ్నం తినేసి సాయంత్రానికి ఇళ్లకి వెళ్లిపోయేలా కాకుండా ఒక రాత్రి అక్కడే టెంట్లేసుకుని ఉందాం అని మొన్న కాల్‌లో అనుకున్నాం కదా, దాని కోసమే ఈ థ్రెడ్. అధికమాసం వచ్చింది కాబట్టి పండగలన్నీ ఈ ఏడు ఆలస్యం, దీపావళి నవంబర్ 8న, ఆ తర్వాత రెండు రోజులకి కార్తీకం మొదలు. అందుకని 14 శనివారం మధ్యాహ్నం వెళ్లి 15 ఆదివారం మధ్యాహ్నం ఖాళీ చేద్దాం. టెక్సస్ స్టేట్ పార్కుల్లో క్యాంప్‌సైట్లు 5 నెలల ముందు నుంచీ బుక్ చేసుకోవచ్చు, అంటే మనకి జూన్ 14న తెరుచుకుంటాయి. ఆ రోజు దాటిస్తే సైట్లు దొరికినా పక్కపక్కన దొరకవు, ఒకళ్లు ఈ చివర ఒకళ్లు ఆ చివర అయిపోతే ఇంక కలిసి వెళ్లిందేముంది.

ప్లేస్ సంగతి. గ్రూపులో చాలామంది రకరకాలు చెప్పారు, అన్నీ మంచివే, కానీ నేను ఒకటే చూశాను: మన గుంపులో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉన్నారు, డైపర్ వయసు పిల్లలు ఉన్నారు, వాళ్లకి రాత్రంతా సరిపడే చోటైతే మిగతా అందరికీ దానంతటదే సరిపోతుంది. వ్యూ బాగుందా అనేది తర్వాత. అలా చూస్తే ఎన్‌చాంటెడ్ రాక్ పోయింది, ఆ గులాబీ కొండ నాకు ప్రాణం, కానీ అక్కడ కారు పార్కింగ్‌లో పెట్టి టెంట్లూ గిన్నెలూ అన్నీ సైటు దాకా మోసుకెళ్లాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని చీకట్లో ఆ దారిలో నడిపించలేం. కలొరాడో బెండ్ యువకులకి బ్రహ్మాండం, మనకి కాదు, అక్కడ సదుపాయాలు బాగా తక్కువ. గార్నర్ పార్కులో ఫ్రియో నది ఉంది, పిల్లలకి స్వర్గం, కానీ అది వేసవి చోటు, పైగా ఆస్టిన్ నుంచి మూడు గంటల పైన డ్రైవ్. మెకిన్నీ ఫాల్స్ ఊళ్లోనే ఉంది, దగ్గర, కానీ ఊరు దాటి వచ్చామన్న ఫీలింగ్ రాదు.

నా ఓటు ఇంక్స్ లేక్. బర్నెట్ దాటాక, 29 హైవే మీద వెళ్లి పార్క్ రోడ్ 4లోకి తిరగడమే, సీడార్ పార్క్ వైపు వాళ్లకి గంట లోపే, సౌత్ ఆస్టిన్ వాళ్లకి గంటన్నర వేసుకోండి. కలొరాడో నది మీద 1938లో కట్టిన ఇంక్స్ డ్యామ్ వెనకాల చెరువు అది. మిగతా చెరువులు కరువొస్తే ఒడ్డు నుంచి ఎక్కడికో వెళ్లిపోతాయి గానీ ఇందులో నీటిమట్టం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, కాబట్టి నవంబర్‌లో వెళ్లినా బురద మైదానం చూడాల్సి రాదు. సైట్లు చాలావాటికి నీళ్ల కుళాయి, కరెంటు రెండూ ఉన్నాయి. టెంట్ వద్దు అనుకునే పెద్దవాళ్లకి చిన్న క్యాబిన్లు ఉన్నాయి, లోపల బంక్ మంచాలు, వేడికీ చలికీ మెషీను ఉంటుంది, బాత్రూం మాత్రం లోపల ఉండదు, దుప్పట్లు మనవే తీసుకెళ్లాలి.

మావారూ నేనూ వెళ్లి ఒక రోజంతా తిరిగి చూశాం. మ్యాప్‌లో చెరువు ఒడ్డు సైట్లు చూడగానే అందరూ అవే కావాలంటారు, నాకూ అలాగే అనిపించింది, కానీ దగ్గరికెళ్లి చూస్తే అక్కడ నీళ్లకీ టెంట్‌కీ మధ్య నాలుగడుగులు, అడ్డం ఏమీ లేదు, రాళ్లు నున్నగా ఉండి తడిస్తే పాదం నిలవదు. ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటున్న పిల్లలున్న వాళ్లు అక్కడ కూర్చుని ఒక్క ముద్ద ప్రశాంతంగా తినలేరు. నేను చెప్పేదేంటంటే పిల్లల ఫ్యామిలీలకి ఒక వరస లోపలికి, బాత్రూంకి దగ్గరగా తీసుకుందాం, ఒడ్డు సైట్లలో టీనేజ్ పిల్లలున్న వాళ్లు ఉండండి. బాత్రూంకి మరీ ఆనుకుని కూడా వద్దండి, రాత్రంతా లైటు, తలుపు చప్పుడు. ఒక నిమిషం నడక దూరం అయితే సరిగ్గా ఉంటుంది. ఇంకోటి, నేల. గడ్డి పచ్చగా కనిపిస్తుంది, చెప్పులు లేకుండా అడుగేస్తే స్టిక్కర్ బర్లు గుచ్చుకుంటాయి, అచ్చం మన పల్లేరు కాయలే. మా పాప సాక్సులోంచి తీయడానికి ట్వీజర్ కావాల్సొచ్చింది. పిల్లలందరికీ బూట్లు, మడతపెట్టి ఒక పెద్ద చాప, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ట్వీజర్.

ఒక సైటుకి 8 మంది దాకా ఉండొచ్చు, అంటే రెండు చిన్న ఫ్యామిలీలు ఒక సైటు పంచుకోవచ్చు. 70 మంది అనుకుంటే 9, 10 సైట్లు, రెండు క్యాబిన్లు. ఎవరి పేరు మీద ఏ నంబర్ అనేది నేను షీట్‌లో పెడతాను, జూన్ 14వ తేదీ పొద్దున్నే అందరూ బుకింగ్ వెబ్‌సైట్ తెరుచుకుని కూర్చుని మీకు ఇచ్చిన నంబరే తీసుకోండి దయచేసి, ఇంకోటి బాగుందని మార్చేస్తే వరస విడిపోతుంది.

రాత్రి ఉండని వాళ్లు కూడా పగటి పాస్ ముందే బుక్ చేసుకోండి, మంచి వాతావరణం ఉన్న శనివారాల్లో పార్కు నిండిపోతే గేటు దగ్గర్నుంచే పంపించేస్తారు. 12 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి ఎంట్రీ ఫీజు లేదు.

ఫుడ్ టీమ్ నుంచి: అన్నం అక్కడే వండుదామా లేక ఇంటి నుంచా? మా దగ్గర 30 కప్పుల కుక్కర్లు రెండున్నాయి. వదినా, ఉల్లి వెల్లుల్లి మాటేంటి?

వదినా, అన్నం అక్కడే వండుదాం, వేడి అన్నం లేకపోతే వనభోజనం ఏముంది. కానీ రెండు కుక్కర్లూ ఒకే సైటులో పెట్టొద్దు. ఆ పెద్ద కుక్కర్ ఒక్కోటి 1,500 వాట్లు దాకా లాగుతుంది, మామూలు 20 ఆంప్ ప్లగ్గు 120 వోల్టుల మీద 2,400 వాట్లకి మించి మొయ్యదు, రెండూ కలిపితే బ్రేకర్ పడిపోయి సగం ఉడికిన అన్నం మిగులుతుంది. ఒక్కో సైటుకి ఒక్కో కుక్కర్, లావుపాటి అవుట్‌డోర్ ఎక్స్‌టెన్షన్ కార్డు. పులిహోర, దద్దోజనం, గుత్తివంకాయ ఇంట్లో చేసి తెచ్చేద్దాం, పప్పు, చారు గ్యాస్ స్టవ్ మీద. శనివారం భోజనం మొత్తం ఉల్లి వెల్లుల్లి లేకుండానే, కార్తీకం పట్టేవాళ్లు ఉన్నారు, మిగతావాళ్లకి ఒక పూట ఇబ్బందేం కాదు. ఆదివారం టిఫిన్‌కి ఉప్మా, అందులో మీ ఇష్టం.

కట్టెల మంట మీద వండుదాం అని అన్నయ్య ఒకరు రాశారు, ఆశ నాకూ ఉంది గానీ దాని మీద ఆధారపడొద్దు. వానల్లేకపోతే కౌంటీ వాళ్లు బర్న్ బ్యాన్ పెడతారు, అప్పుడు కట్టెలూ బొగ్గులూ రెండూ కుదరవు, గ్యాస్ స్టవ్ మాత్రం మామూలుగా వాడుకోనిస్తారు. బ్యాన్ లేకపోతే కట్టెలు కొనుక్కెళ్దాం, పార్కులో ఏరుకోకూడదు.

గిన్నెలు బాత్రూం సింకులో కడగకూడదు, సైటు కుళాయి కింద కూడా కాదు. రెండు పెద్ద టబ్బులు ఎవరైనా తెస్తే బాగుంటుంది, అరిటాకులో పోకాకు ప్లేట్లో వాడితే కడిగే పని సగం తగ్గుతుంది. తిన్నాక ఆహారం అంతా కార్లో పెట్టి లాక్ చేయాలి, కూలర్లు కూడా. రకూన్లు చేతివేళ్లతో కూలర్ మూత లేపుతాయి, టెంట్లో పిల్లల దగ్గర బిస్కెట్ ప్యాకెట్ ఉన్నా వాసన పట్టేస్తాయి.

ఈ మధ్యే ఆస్టిన్ వచ్చిన ఫ్యామిలీ: మాకు టెంట్ లేదు, క్యాంపింగ్ ఎప్పుడూ చేయలేదు. అత్తగారు వస్తున్నారు, బాత్రూంలో నీళ్లు ఉండవు కదా అని ఆవిడ భయం. రాత్రి చలి ఎంతుంటుంది?

స్వాగతం అండి! అత్తగారి గురించి అడిగినందుకు చాలా సంతోషం, ఆ భయం ఉన్నది ఆవిడ ఒక్కరికే కాదు, మా అమ్మ కూడా మొదట అదే అడిగింది. బాత్రూంలో ఫ్లష్ టాయిలెట్లు, వేడినీళ్ల షవర్లు ఉన్నాయి, చెంబు మాత్రం ఉండదు. మేం నాలుగు ప్లాస్టిక్ మగ్గులు, పిండితే నీళ్లొచ్చే చిన్న బాటిల్ బిడేలు తెచ్చి పెద్దవాళ్లకి తలా ఒకటి ఇస్తాం. రాత్రి లేస్తే తోడుగా వెళ్లడానికి ప్రతి సైటులో ఒకరి పేరు ముందే అనుకుందాం, తలకి పెట్టుకునే లైటు ఒకటి వాళ్ల దగ్గరే ఉంటుంది. అత్తగారికి క్యాబిన్‌లో కింద మంచం రాసుకున్నాను.

చలి అంటే పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మామూలుగా 40ల్లోకి దిగుతుంది, ఫారెన్‌హీట్‌లో. గాలి పరుపు మీద పడుకుంటే చలి కింద నుంచే ఎక్కుతుంది, పరుపు మీద మందపాటి రజాయి పరిచి ఆపైన పడుకోండి. ప్రొపేన్ హీటర్ టెంట్లో వద్దే వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క విషయంలో ఎవరు బతిమాలినా నేను ఒప్పుకోను. టెంట్లు మా ఇంట్లో ఒకటి, సెక్రటరీ గారింట్లో రెండు అదనంగా ఉన్నాయి, కొనకండి. ఒకసారి ముందే మీ పెరట్లో వేసి చూసుకుంటే చాలు, అప్పటికి గడియారాలు గంట వెనక్కి జరిపి ఉంటారు కాబట్టి ఐదున్నరకే పొద్దుగూకుతుంది, చీకట్లో మొదటిసారి టెంట్ వేయడం కష్టం. అందుకే అందరినీ మూడు గంటలకల్లా వచ్చేయమంటున్నా.

కల్చరల్ టీమ్ నుంచి: దీపాలు నీళ్లలో వదులుదామా? స్పీకర్ తేవాలా?

నీళ్లలో వద్దండి, మనం వదిలి వచ్చేస్తాం, మర్నాడు ఆ వత్తులూ డొప్పలూ ఒడ్డున ఎవరో ఏరాలి. పెద్ద ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి అందులో తేలే దీపాలు పెడదాం, టేబుల్ మీద. ఉసిరి చెట్టు అక్కడ దొరకదు కాబట్టి ఇండియన్ స్టోర్‌లో ఉసిరికాయలు తెచ్చి ఉసిరి దీపాలు చేద్దాం, మామ్మగార్లు పిల్లలకి కాయ ఎలా కొయ్యాలో వత్తి ఎలా పెట్టాలో చూపిస్తే అదే మన మెయిన్ ప్రోగ్రాం. బర్న్ బ్యాన్ ఉంటే దీపాల సంగతి పార్క్ ఆఫీసుకి ఫోన్ చేసి నేను కనుక్కుంటా, వద్దంటే బ్యాటరీ దీపాలు.

స్పీకర్ వద్దు. పక్క సైటు వాళ్లకి వినపడేలా పెట్టకూడదు, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. అంత్యాక్షరి మామూలు గొంతులతో తొమ్మిదిన్నరకి ముగిద్దాం. మందు కూడా వద్దు, స్టేట్ పార్కుల్లో బయట తాగడం నిషేధం, అదీగాక అది కార్తీక మాసం. పిల్లలకి చేపలు పట్టించాలని ఎవరో అడిగారు, స్టేట్ పార్కులో ఒడ్డు నుంచి పడితే లైసెన్స్ అక్కర్లేదు, ఆదివారం పొద్దున ఆ పని ఒకరు తీసుకోండి. నీళ్ల దగ్గర లైఫ్‌గార్డు ఉండడు, అందుకని ఒడ్డు దగ్గర గంటకి ఇద్దరు చొప్పున పెద్దవాళ్ల డ్యూటీ పెట్టాం, ఆ గంట వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. పార్కులో డెవిల్స్ వాటర్‌హోల్ అనే మడుగు దగ్గర రాళ్ల మీంచి దూకుతుంటారు, మన పిల్లలు ఎవరూ దూకకూడదు, టీనేజ్ వాళ్లతో సహా.

ఇప్పటిదాకా ఖాళీగా ఉన్నవి: ఒడ్డు డ్యూటీలో 4 నుంచి 5 గంటల స్లాట్, టబ్బులు, ఎక్స్‌టెన్షన్ కార్డులు రెండు, ఆదివారం చెత్త డంప్‌స్టర్ దాకా చేర్చేవాళ్లు. నర్సులో డాక్టర్లో వచ్చేవాళ్లుంటే నాకు విడిగా చెప్పండి, దగ్గర్లో పెద్ద హాస్పిటల్ అంటే మార్బుల్ ఫాల్స్ వెళ్లాలి. ఎంతమంది, వయసులు, మెట్లెక్కలేని వాళ్లెవరైనా ఉన్నారా, ఈ మూడూ జూన్ 10 లోపు ఇక్కడే రాయండి, ఆ రాత్రి కూర్చుని సైటు నంబర్లు పంచేస్తాను.