ఫినాల్ ఉన్న వ్యర్థజలం: పొడి కల్చర్ ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న (ఈటీపీ – వ్యర్థజల శుద్ధి కేంద్రం – ఇన్‌ఛార్జి, పటాన్‌చెరు)
మాది మందుల ఇంటర్మీడియట్లు (మందుల తయారీలో మధ్య దశ రసాయనాలు) తయారుచేసే చిన్న యూనిట్. మా వ్యర్థజలంలో ఫినాల్ అనే విష రసాయనం మామూలుగా లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, రియాక్టర్లు కడిగిన రోజున రెట్టింపు దాటుతుంది. గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో సూడోమోనాస్ పొడి (ఫినాల్‌ను తినే బ్యాక్టీరియా కల్చర్) కలిపినప్పుడల్లా కొద్ది రోజులు ఫినాల్ తగ్గి, ఆ తర్వాత మళ్లీ మొదటికే వస్తోంది. మోతాదు పెంచమని సరఫరాదారు అంటున్నారు. వాగుల్లోకి, నదుల్లోకి వదిలే నీటిలో ఫినాల్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు కాబట్టి అడుగుతున్నాను: లోపం బ్యాక్టీరియాలో ఉందా, మా ట్యాంకులో ఉందా?

జవాబు (సూక్ష్మజీవశాస్త్ర పరిశోధకురాలు, తార్నాక)
ట్యాంకులోనే ఉందని నా అభిప్రాయం. సూడోమోనాస్ పుటిడా వంటి బ్యాక్టీరియా ఫినాల్‌కు ముందు ఒక ఆక్సిజన్ పరమాణువును చేర్చి కాటెకాల్‌గా మారుస్తుంది. ఆ తర్వాత డయాక్సిజనేజ్ అనే ఎంజైము మరో ఆక్సిజన్ అణువు సాయంతో అందులోని కార్బన్ వలయాన్ని తెంచితే, ఆ ముక్కలు కణం రోజూ నడిపే జీవక్రియలో కలిసి కార్బన్ డయాక్సైడుగా, నీరుగా, కొత్త కణాలుగా మారతాయి. అంటే ఇక్కడ ఆక్సిజన్ శ్వాసకే కాదు, వలయాన్ని తెంచే పనికి ముడిసరుకుగా కూడా కావాలి. 1 గ్రాము ఫినాల్ పూర్తిగా ఆక్సీకరణ చెందడానికి సుమారు 2.4 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది. గాలి ఊదే బ్లోయరు చాలకపోతే ఎంత పొడి పోసినా ఫలితం ఉండదు. పైగా గాఢత ఒక హద్దు దాటాక ఆహారమైన ఆ ఫినాలే బ్యాక్టీరియా వృద్ధిని అడ్డుకుంటుంది. రియాక్టర్లు కడిగిన రోజున మీ ట్యాంకులో జరుగుతున్నది అదే కావచ్చు.

జవాబు (ఈటీపీ నిర్వాహకుడు, జీడిమెట్ల)
మేడంగారు చెప్పినదానికి ఆచరణ వైపు నుంచి కొంత చేరుస్తాను. కడిగిన నీటిని నేరుగా పంపకుండా ఈక్వలైజేషన్ ట్యాంకులో (వచ్చే నీటి హెచ్చుతగ్గులను సమం చేసే తొట్టి) నిలిపి, కొద్దికొద్దిగా వదలండి. మీ ట్యాంకులోని బురదకే (అందులో పెరిగే బ్యాక్టీరియా ముద్దకే) ఫినాల్‌ను మెల్లగా పెంచుతూ అలవాటు చేయండి. అక్కడి ఉప్పుకూ వేడికీ తట్టుకుని బతికిన బ్యాక్టీరియా పొడిలో వచ్చినదానికన్నా గట్టిగా నిలుస్తుంది. బీఓడీ (నీటిలోని మలినాన్ని కుళ్లించడానికి బ్యాక్టీరియాకు పట్టే ఆక్సిజన్) 100 పాళ్లకు నత్రజని 5, భాస్వరం 1 ఉండేలా యూరియా, ఫాస్ఫేటు కలపాలి. పొడి మీద పెట్టే డబ్బు వీటి మీద పెట్టడం మేలు.

జవాబు (పర్యావరణ ప్రయోగశాల, ఉప్పల్)
ఫినాల్ అంకె ఒక్కటే చూసి సంతోషించకండి. ఫినాల్‌ను కొలిచే 4-అమినోయాంటిపైరిన్ పరీక్షకు పారా-క్రెసాల్ వంటి ఫినాల్ జాతి పదార్థాలు అందవు. టోలీన్ అనే ద్రావణి ఉంటే అందులో కొంత విచ్ఛిన్నం కాకుండానే గాలితో పైకి ఎగిరిపోవచ్చు. ట్యాంకు నీరు పసుపు రంగుకు తిరిగితే, వలయం తెగాక వచ్చిన పదార్థం ముందుకు సాగక పేరుకుపోతూ ఉండవచ్చు. ఫినాల్‌తో పాటు సీఓడీ (నీటిలోని మలినాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) కూడా తగ్గితేనే లెక్క.

ప్రశ్నించినవారు
అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రాసెసు నుంచి 2-క్లోరోఫినాల్ (క్లోరిన్ చేరిన ఫినాల్) కూడా వస్తుంది. దానికీ ఇదే పద్ధతి సరిపోతుందా?

జవాబు (పరిశోధకురాలు, తార్నాక)
సరిపోకపోవచ్చు. దాని నుంచి ఏర్పడే 3-క్లోరోకాటెకాల్, మెటా మార్గంలో (కాటెకాల్ వలయం తెగే రెండు దారుల్లో ఒకటి) వలయాన్ని తెంచే ఎంజైమును శాశ్వతంగా నిర్వీర్యం చేయగలదు. అప్పుడు మామూలు ఫినాల్ తొలగింపు కూడా ఆగిపోతుంది. ఆ నీటిని వేరే డ్రమ్ముల్లో పట్టి, విడిగా శుద్ధి చేయించండి.