జేఎంఎస్ కనెక్షన్‌ని ట్రై-విత్-రిసోర్సెస్‌లో పెట్టాలా, వద్దా?

తీగలాగు:
జావాలో మెసేజ్ క్యూలతో మాట్లాడే జేఎంఎస్ గురించి మా టీమ్‌లో తెగని వాదన ఇది. క్యూకి మెసేజ్ పంపే పాత కోడ్‌లో కనెక్షన్, సెషన్ (ఆ కనెక్షన్ మీద నడిచే ఒక విడత పని), ప్రొడ్యూసర్ (మెసేజ్ పంపేది) మూడింటినీ ఫైనల్లీలో (ఎర్రర్ వచ్చినా రాకున్నా నడిచే బ్లాక్) నల్ చెక్ చేసి క్లోజ్ చేస్తున్నాం. ఒక్కో క్లోజ్ మళ్ళీ ఎక్సెప్షన్ విసరొచ్చు కాబట్టి దాని చుట్టూ ఇంకో ట్రై. పంపే కోడ్ కంటే మూసే కోడే ఎక్కువైపోయింది. అన్నీ ట్రై-విత్-రిసోర్సెస్‌లోకి (బ్లాక్ అయిపోగానే తెరిచినవాటిని జావాయే మూసేసే పద్ధతి) మార్చేద్దామంటున్నా. సీనియర్లు ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

క్యూకాపరి:
మార్చేయండి. 2011లో జావా 7తో ఈ సౌకర్యం వచ్చింది. 2013లో జేఎంఎస్ 2.0 ఈ మూడింటితోపాటు మెసేజ్ అందుకునే కన్స్యూమర్‌ని కూడా ఆటోక్లోజబుల్ (ఆ పద్ధతిలో వాడగలిగేలా) చేసింది. లైన్లు తగ్గడం చిన్న లాభం, అసలు లాభం ఎర్రర్ వచ్చినప్పుడు. బ్రోకర్ (క్యూలు నడిపే సర్వర్) తెగిపోయి సెండ్ ఫెయిలైందనుకోండి. ఫైనల్లీలో క్లోజ్ కూడా ఎక్సెప్షన్ విసిరి, దాన్ని ఎవరూ పట్టుకోకపోతే మొదటిది మాయం. లాగ్‌లో మిగిలేది క్లోజ్ గోలే. కొత్త పద్ధతిలో సెండ్ ఎక్సెప్షనే బయటికొస్తుంది, క్లోజ్‌ది దానికి సప్రెస్డ్‌గా అంటుకుని ఉంటుంది. అర్ధరాత్రి లాగ్ చదవాల్సినవాళ్ళకి ఇది ఎంత మేలో చెప్పక్కర్లేదు.

పాతకాపు:
అదంతా నిజమేనండీ, "అన్నీ" అన్న దగ్గరే నా అభ్యంతరం. కనెక్షన్ తెరవడమంటే సాకెట్, లాగిన్, బ్రోకర్‌తో బోలెడు మాటామంతీ. మెసేజ్‌కోసారి తెరిచి మూసేది కాదది. వెనక పూల్ (తెరిచిన కనెక్షన్లను మళ్ళీ వాడేందుకు దాచే చోటు) ఉంటే క్లోజ్ అన్నా కనెక్షన్ తిరిగి పూల్‌లోకే పోతుంది, ఇబ్బంది లేదు. పూల్ లేకపోతే కనెక్షన్ అప్లికేషన్‌తోపాటు పుట్టి దానితోపాటే పోవాలి. ట్రైలో సెషన్, ప్రొడ్యూసర్ పెట్టండి చాలు.

లిజనర్‌తో (మెసేజ్ రాగానే దానంతటదే నడిచే కోడ్) మరీ జాగ్రత్త. కన్స్యూమర్‌కి లిజనర్ తగిలించే కాల్ వెంటనే తిరిగొచ్చేస్తుంది. బ్లాక్ అక్కడితో అయిపోతే కన్స్యూమర్ మూతపడుతుంది. మెసేజులు రావు, ఎర్రరూ రాదు.

తీగలాగు:
మరి ట్రాన్సాక్టెడ్ సెషన్ (కమిట్ అంటేనే పని ఖాయం, రోల్‌బ్యాక్ అంటే రద్దు)? క్యాచ్‌లో రోల్‌బ్యాక్ పిలుద్దామంటే సెషన్ అక్కడ కనబడదు. మావాళ్ళు పట్టుబడుతున్నది దీనిమీదే.

క్యూకాపరి:
క్యాచ్‌లోకి వచ్చేసరికే సెషన్ మూసేసి ఉంటుంది. కమిట్ కాని సెషన్‌ని మూస్తే ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అవుతుందని స్పెసిఫికేషన్‌లోనే ఉంది. కమిట్‌ని ట్రైలో ఆఖరి లైనుగా పెట్టండి, చాలు. లిజనర్ సంగతి మాత్రం పాతకాపు గారితో ఏకీభవిస్తున్నా.

పాతకాపు:
పంపే వైపు సరిపోతుంది, తీసుకునే వైపు నేనొప్పుకోను. లూప్‌లో మెసేజులు చదువుతున్నప్పుడు ఒక్క చెడ్డ మెసేజ్ కోసం సెషన్ మొత్తం మూసేస్తే కన్స్యూమర్ కూడా పోతుంది, మళ్ళీ అన్నీ కట్టుకోవాలి. బయటి ట్రైలో సెషన్, లూప్ లోపల ఇంకో ట్రై, అందులో రోల్‌బ్యాక్ స్పష్టంగా రాయండి. అదే మెసేజ్ మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి ఎన్నిసార్లు రావాలో బ్రోకర్‌లో హద్దు పెట్టండి.

ఇంకో మాట. ఆటో అక్నాలెడ్జ్ మోడ్‌లో (మెసేజ్ అందిందని సెషనే చెప్పేసే పద్ధతి) రిసీవ్ కాల్ తిరిగొచ్చేసరికే మెసేజ్ అందినట్టు బ్రోకర్‌కి లెక్క. ఆ తర్వాత మీ ప్రాసెసింగ్‌లో ఎర్రర్ వస్తే, రిసోర్సులు ఎంత చక్కగా మూసినా ఆ మెసేజ్ తిరిగి రాదు. కాబట్టి క్లోజ్ ఎలా రాయాలన్నది పక్కనపెట్టి, ముందు మీ సెషన్ ఏ మోడ్‌లో ఉందో చూడండి.

తీగలాగు:
చూశాను. తీసుకునే సర్వీసులో ఆటోయే ఉంది. రేపు సీనియర్ల ముందు మొదట పెట్టేది ఇదే.