బాప్తిస్మం తీసుకుని నాలుగేళ్లయింది, అయినా నాలో ఏదో తక్కువైనట్టే ఉంటోంది

ఉప్పల్_చెల్లి:
అందరికీ వందనాలు. మా ఇంట్లో ప్రభువుని నమ్ముకుంది నేనొక్కదాన్నే. మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్, ఆదివారం పొద్దున క్యాబ్ దిగి స్నానం చేసి అటునుంచటే చర్చికి వెళ్తాను. సాక్ష్యాల టైం వచ్చిందంటే మాత్రం గుండె దడ, ఒక్కొక్కరూ లేచి ప్రభువు నాతో మాట్లాడాడు, దర్శనంలో ఇలా చూపించాడు అని చెప్తుంటే నేను తల వంచుకుని బైబిల్ కవర్ జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంటాను. నాకలాంటివేం జరగలేదు మరి. ప్రేయర్ గ్రూప్‌లో ఒక అక్క నీకింకా భాషలు (ప్రార్థనలో ఆత్మ ప్రేరణతో వచ్చే తెలియని మాటలు) రాలేదు కాబట్టి పరిశుద్ధాత్మ అభిషేకం పూర్తి కాలేదు, 21 రోజులు ఉపవాసం ఉండు అంది, మొదలుపెట్టాను కూడా, పన్నెండో రోజు డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోయాను. ఇప్పుడు ప్రార్థనకి మోకరిస్తే అసలు నాకు రక్షణ ఉందా అన్న డౌటే ముందొస్తోంది. ఎవరికైనా ఇలా అయిందా?

వాక్యం_చదివే_తమ్ముడు:
అక్కా, ముందు కడుపునిండా తినండి, నైట్ డ్యూటీ చేస్తూ అన్ని రోజుల ఉపవాసం వద్దు. కొలొస్సయి పత్రిక 2వ అధ్యాయం ఒక్కసారి నిదానంగా చదవండి, మీ గురించే రాసినట్టుంటుంది. అపొస్తలుడు పౌలు జైల్లో ఉండి కొలొస్సయి ఊరి విశ్వాసులకి రాశాడు, ఆ ఊళ్లో చాలామంది ఆయన ముఖం కూడా చూడలేదు. వాళ్లకి కొందరు క్రీస్తు ఒక్కడు చాలడు అన్నట్టు తిండి నియమాలు, పండగలు, అమావాస్యలు, దర్శనాలు, ఒంటిని కష్టపెట్టుకోవడం ఇవన్నీ అంటగడుతున్నారు. అక్కడే 10వ వచనంలో ఆయనయందు మీరు సంపూర్ణులై యున్నారు అంటాడు. అవుతారు అనలేదు చూడండి, ఉన్నారు అన్నాడు. గ్రీకులో కూడా ఆ క్రియకి నింపడం అయిపోయింది, ఆ నిండుదనం ఇప్పటికీ ఉంది అనే అర్థం వస్తుంది. ఆ అక్క ప్రేమతోనే చెప్పి ఉంటారు గానీ, మొదటి కొరింథీ 12 చివర్లో పౌలే అందరూ భాషలు మాట్లాడతారా అని అడుగుతాడు, మాట్లాడరు అనే కదా దానర్థం.

సికింద్రాబాద్_ఆంటీ:
అమ్మా, నాకు ఇరవై ఏళ్లు ఉన్నప్పుడు నాదీ ఇదే ఏడుపు. మాది మెథడిస్టు కుటుంబం, మా నాన్న మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ గారి సంగతి చెప్పేవారు, ఆయన చర్చిలో గురువై, మిషనరీగా అమెరికా దాకా వెళ్లొచ్చి కూడా రక్షణ నిశ్చయత లేక అల్లాడిపోయి, 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూటంలో కూర్చుని వింటుంటే అప్పుడు కుదుటపడ్డారు. అది విన్నా నాకు తీరలేదు, నాకా రోజు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. తీరింది మా అమ్మ దగ్గర. చివరి రెండేళ్లు అమ్మకి మతిమరుపు, నన్నే ఎవరమ్మా నువ్వు అనేది, పరలోక ప్రార్థన సగంలో ఆగిపోయేది. ఒకరోజు పాస్టరు అయ్యగారు ప్రభురాత్రి భోజన సంస్కారం ఇవ్వడానికి ఇంటికొచ్చారు, రొట్టె ముక్క అరచేతిలో పెడితే అమ్మ గుప్పిట మూసేసుకుంది, నోట్లో పెట్టుకోవాలని కూడా తెలీలేదు, నేనే వేళ్లు ఒక్కొక్కటీ తెరిచి తినిపించాను. అమ్మ ప్రభువుని మర్చిపోయింది, ఆయన అమ్మని మర్చిపోతాడా? అప్పట్నుంచి నా పట్టు ఎంత గట్టిగా ఉందో చూసుకోవడం మానేశాను తల్లీ, ఆయన పట్టు సంగతే చూసుకుంటున్నా.

మల్కాజిగిరి_బ్రదర్:
ఆంటీ మాటకి ఆమేన్. ఒక్కటి కలుపుతాను, సంపూర్ణులం అంటే ఇంక ఎదగక్కర్లేదని కాదు. ఫిలిప్పీ 3లో అదే పౌలు నేనింకా పరిపూర్ణుణ్ణి కాలేదు, పరుగెత్తుతున్నా అంటాడు. పుట్టిన బిడ్డ పూర్తిగా ఆ ఇంటి బిడ్డే, నడక తర్వాత వస్తుంది.

ఉప్పల్_చెల్లి:
తమ్ముడూ, నిన్న రాత్రి బ్రేక్‌లో ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను, "యున్నారు" కింద పెన్నుతో గీత కూడా గీశాను. దడ మొత్తం పోయిందని చెప్పను గానీ చాలా రోజుల తర్వాత ఏమీ అడక్కుండా ఊరికే థాంక్యూ ప్రభువా అనగలిగాను. ఆంటీ, మీ చర్చిలో తెలుగు ఆరాధన ఎన్నింటికి? ఈ ఆదివారం మీ పక్కన కూర్చోవాలనుంది.